మాత్రకొక మనిషి

రెండు వారాలుగా మా అబ్బాయి గదిలోంచి జిగురు వాసన వస్తోంది. వాడు గుంటూరులోనే బ్యాంకులో పనిచేస్తాడు, ఆదివారం స్నేహితులతో ఆడుకోవడానికి ఏదో ఆట తెప్పించుకున్నాడు. పెట్టె మీద ఎర్రటి దుమ్ము లేచిన వీధి, వెడల్పు టోపీల మనుషులు, కట్టురాటకు కట్టిన గుర్రాలు. లోపల అవే మనుషులు ముక్కలుగా ఉన్నారు. చేతులు వేరు, టోపీలు వేరు, బియ్యపు గింజంత తుపాకులు వేరు. తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూసి, "లోపలికి రామ్మా, ముట్టుకోకు, ఇంకా ఆరలేదు," అన్నాడు. నేను ఒక బొమ్మ చెయ్యి తీసి చూసి, "అతికే చోట గరుకు కాగితంతో రుద్దావా? రుద్దకపోతే మధ్యాహ్నం ఎండకి ఊడిపోతుంది," అన్నాను. వాడు నవ్వాడు. "నీకెలా తెలుసు?" అన్నాడు. చిన్నప్పుడు చేశామన్నాను. "మీ ఊళ్లోనా?" అని ఇంకా గట్టిగా నవ్వాడు. వాడికి అప్పుడు జవాబు చెప్పలేదు. చెప్పడానికి కూర్చుంటే ఇంత పొడుగయింది.

మా ఊరు చిలకలూరిపేట నుంచి మార్టూరు వెళ్లే పెద్దరోడ్డుకి కొంచెం లోపలగా ఉండేది. నల్లరేగడి నేల, వానాకాలంలో చెప్పు వదలదు, వేసవిలో చెప్పు పట్టేంత నెర్రెలు తీస్తుంది. పత్తి ఏరడం అయిపోయి, పత్తికట్టె మోపులు ఇళ్ల ముందుకు చేరి, మిరపకాయ కల్లాల్లోకి వచ్చే రోజులు నాకు బాగా గుర్తు. ఊరి చుట్టూ నేల ఎర్రబడేది, గాలి కారంగా ఉండేది, పగలంతా పేట లారీలు వచ్చి మిరపకాయ టిక్కీ బస్తాలు ఎక్కించుకుని పోతుండేవి, ఎక్కించేవాళ్ల కేకలూ, దుమ్మూ, వెనకాల పరిగెత్తే మేమూ. ఆ రోజుల్లో ఊళ్లో దగ్గని మనిషి లేడు. గుడిలో ప్రార్థన జరుగుతుంటే దగ్గు ఒక మూల మొదలై బెంచీల మీదుగా రెండో మూలకు పోయేది, పాస్టరుగారు కళ్లు మూసుకునే ఆగి, అది అయిపోయాక మళ్లీ అందుకునేవారు. ఈ సంగతి ముందే చెప్పాలి. అందరూ దగ్గే ఊళ్లో ఒక్కడి దగ్గు వేరని కనిపెట్టడానికి చాలా రోజులు పట్టింది.

ఆ ఒక్కడు మా బాబాయి, మా నాన్న తమ్ముడు. పేరు సుందరరావు. నాన్న మిషను హైస్కూల్లో మాస్టారు, ఒక చోట కూర్చుంటే ఆ కుర్చీ ఆయనదే అనిపించే మనిషి. బాబాయి అలా కాదు. అన్నం తినేటప్పుడు కూడా ఒక మోకాలు ఆడుతూ ఉండేది. జిన్నింగు మిల్లులో కొన్నాళ్లు, లారీ మీద క్లీనరుగా కొన్నాళ్లు, నాగపూరు దాకా మిరపకాయ తోలుకెళ్లి కొన్నాళ్లు, చివరికి మార్టూరు రాళ్ల దగ్గర, గ్రానైటు పలకలు నునుపు తీసే షెడ్డులో కొన్నాళ్లు పనిచేశాడు. వెళ్లేటప్పుడు చెప్పడు. పొద్దున లేచేసరికి చాప చుట్టి గోడకు ఆనించి ఉంటే వెళ్లాడని అర్థం. తాతయ్య పోయినప్పుడు ఆయన ఎక్కడున్నాడో తెలియక కబురు అందించలేకపోయాం. మట్టి వేసిన మూడోనాటికి, చేతిలో బత్తాయిల సంచితో, ఈల వేసుకుంటూ వచ్చాడు. అప్పట్నుంచి నాయనమ్మ గోడకు ఆనించిన చాప చూస్తే చాలు, గుండె మీద చెయ్యి వేసుకునేది.

మార్టూరు నుంచి వచ్చేటప్పటికే చిక్కిపోయి ఉన్నాడు. షెడ్డులో దుమ్మన్నారు, తర్వాత మన కల్లాల ఘాటన్నారు. నాన్న బలవంతంగా బస్సెక్కించి మిషను ఆసుపత్రికి తీసుకువెళ్తే టీబీ అని తేల్చారు. రోజూ మాత్రలు, కొన్నాళ్లు సూదులు, నెలల తరబడి వాడాలి, మధ్యలో ఒక్క రోజు మానకూడదు, దుమ్ములోకి పోకూడదు, ఇంటిపట్టున ఉండాలి. డాక్టరుగారు నాన్నను పక్కకు పిలిచి, చాలామంది ఒంట్లో బాగున్నట్టు అనిపించగానే మానేస్తారు, అప్పుడు వచ్చే జబ్బు మందుకి లొంగదు అని చెప్పారట. నాన్న ఆ మాట ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. నాకు పదేళ్లు. నాకు అర్థమైంది ఒక్కటే. బాబాయి వెళ్లిపోతే చచ్చిపోతాడు.

ఆయనేమో పది రోజులకే దడి దగ్గర నిలబడి లారీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మాత్ర బుగ్గన పెట్టుకుని పెరట్లో ఉమ్మేస్తుంటే నేనే ఒకసారి చూశాను. నాయనమ్మ తిట్టింది, ఏడ్చింది, ప్రార్థన పెట్టించింది. బాబాయి తల వంచుకుని విని, ఆమేన్ అని, మళ్లీ దడి దగ్గరికి పోయాడు.

మా అబ్బాయి దగ్గరున్నలాంటి ఆట పెట్టె మా ఇంటికి వచ్చింది అప్పుడే. ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేసిన తెల్ల డాక్టరమ్మగారు ఇక తిరిగి రాకుండా వాళ్ల దేశం వెళ్లిపోతూ, సామాను తెలిసినవాళ్లకు పంచారు. ఒకళ్లకు కుర్చీ, ఒకళ్లకు గడియారం, నాన్నకు పుస్తకాల ట్రంకు. ఆ ట్రంకు అడుగున, పైన చుట్టిన పల్చటి గాజు కాగితం కూడా చింపని పెట్టె ఒకటి ఉంది. ఎవరో మేనల్లుడు సెలవులకు వస్తాడని తెప్పించారట, ఆ పిల్లవాడు రాలేదట. నాన్న బ్లేడుతో గాజు కాగితం అంచు వెంట కోశాడు, దాన్ని మడత పెట్టి పుస్తకంలో దాచాడు, తర్వాత మూత ఎత్తాడు. కొత్త అట్ట వాసన, దానికింద చల్లటి ఇనుప వాసన లాంటిది వచ్చింది. మెత్తటి స్పాంజి, దాని గుంటల్లో చిన్న చిన్న సంచులు, వాటిలో సీసం ముక్కలు. మొండేలు, కాళ్లు, రెండు సగాలుగా గుర్రాలు. పలకల లెక్క మామూలుగా లేని పాచికలు, సన్న అక్షరాల పుస్తకం, ఎండి రాయైపోయిన జిగురు గొట్టం.

నాయనమ్మ ఒక మొండేన్ని అరచేతిలో వేసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. "చేతులు లేవు, తల మీద టోపీ లేదు. యుద్ధంలో పోయినోళ్లా ఏందిరా?" అంది.

"కాదమ్మా, మనమే అతకాలి," అన్నాడు నాన్న.

"డబ్బు పెట్టి కొన్నారా దీన్ని? విరిగిపోయిన బొమ్మలు కొనుక్కున్నారా దొరలు?"

బాబాయి దడి దగ్గర నుంచి వచ్చాడు. మూత మీది బొమ్మను చాలాసేపు చూశాడు. "అన్నయ్యా, ఇది మార్టూరు రోడ్డే," అన్నాడు. నిజమే, వీధి చివర ముళ్ల తుమ్మ ఉంది, బ్రహ్మజెముడు ఉంది, దుమ్ములో ఒక కుక్క పడుకుని ఉంది. ఆ రెండు మొక్కలూ మనకు బొమ్మలోని ఆ దేశం వైపు నుంచే వచ్చాయనీ, మిరపకాయ కూడా అంతేననీ నాన్న చెప్పాడు. "అయితే ఆళ్లూ దగ్గుతుంటారు," అన్నాడు బాబాయి, ఒక చెయ్యీ ఒక మొండెమూ తీసుకుని, నిలబడే, ఒకదానికొకటి పట్టి చూశాడు. ఆ పూట లారీ వస్తే తల ఎత్తలేదు. నాన్న అది చూశాడు.

మర్నాడు నాన్న పాత జవాబు కాగితాలు చింపి, ఒక్కో బొమ్మ ముక్కలు ఒక్కో పొట్లం కట్టాడు. నెలలో ఎన్ని పొద్దులుంటే అన్ని పొట్లాలు వచ్చేలా, ఎక్కువైన చోట గుర్రాన్నీ మనిషినీ కలిపి, తక్కువైన చోట విడదీసి, సర్దాడు. వాటిని నాయనమ్మ పెట్టెలో, ఆమె తెల్లచీరల కింద పెట్టాడు. పొద్దున్నే బాబాయి మాత్రలు మింగి నోరు తెరిచి చూపిస్తే ఒక పొట్లం. మింగకపోతే లేదు.

"నేనేమన్నా చంటిపిల్లోణ్ణా?" అన్నాడు బాబాయి.

"కాదు. చంటిపిల్లలు చెప్పకుండా లారీ ఎక్కరు," అంది నాయనమ్మ. "నోరు తెరువు."

అలా మొదలైంది. పొద్దున మాత్రలు, తర్వాత గంజిలో ఉప్పు వేసుకుని తాగడం, తర్వాత వసారాలో గోనెసంచి మీద మేమిద్దరం. బాబాయి నోటికి ఎప్పుడూ తుండుగుడ్డ కట్టుకుని ఉండేవాడు, నన్ను ఎదురుగా కాక పక్కగా, గాలి వచ్చే వైపు కూర్చోమనేవాడు. సీసం అంచుల్లో పొట్టులా మిగిలిన పలుచటి రేకును నేను గరుకు కాగితంతో రుద్దేదాన్ని. అతకడం పెద్ద తంటా అయింది. మొదట తుమ్మ బంక నానబెట్టి చూశాం. పొద్దున బాగానే పట్టేది, మధ్యాహ్నం వసారా కప్పు రేకుల వేడికి ఒక్కొక్కడి చెయ్యీ మెల్లగా కిందికి వాలి ఊడిపోయేది. సైకిలు పంక్చరు సొల్యూషను తీగలు సాగి, గుర్రం తోకా మనిషి మొహమూ కలిపేసింది. చివరికి మార్టూరు షెడ్డులో బాబాయికి తెలిసిన డ్రైవరు ఒకతను, పలకల పగుళ్లు పూడ్చే జిగురు కొంచెం తెచ్చి ఇచ్చాడు. రెండు డబ్బాల్లోవి సమంగా తీసి, పగిలిన పలక మీద అగ్గిపుల్లతో కలపాలి. రాయినే అతికేది సీసాన్ని అతకదా అన్నాడు బాబాయి. అతికింది. కాకపోతే పట్టేదాకా చెయ్యి కదపకూడదు.

చెయ్యి కదపకుండా ఉండడం ఆయన వల్ల అయ్యే పని కాదు. బొమ్మను పట్టుకుంటే మోకాలు ఆడేది, మోకాలు ఆడితే చెయ్యి జరిగేది. మొదట్లో చేసిన మనుషుల తుపాకులు ఆకాశానికో నేలకో చూస్తూ ఉండేవి. అప్పుడు నాయనమ్మ ఒక పద్ధతి పెట్టింది. తను వసారా చివర కూర్చుని కీర్తన అందుకుంటుంది, అన్ని చరణాలూ అయ్యేదాకా ఈయన వేళ్లు తీయకూడదు. నేను ఆయన మోకాలి మీద కూర్చోవాలి. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు కనుక ఆవిడ ఎంచుకునేవన్నీ నిదానంగా సాగే పొడుగు పాటలు.

"అమ్మా, మూడో చరణం ఎగరగొట్టవే, ఏలు తిమ్మిరెక్కింది."

"ఎగరగొడితే ప్రభువుకి తెలియదా?"

"ప్రభువుకి తెలుసులే, బొమ్మకి తెలియదుగా."

ఆవిడ నవ్వు ఆపుకోలేక పాట తప్పేది, తప్పితే మళ్లీ మొదట్నుంచీ పాడేది. కల్లంలో తొడిమలు తీసే ఆడవాళ్లు అక్కణ్నుంచే వంత పాడేవారు. తలనొప్పి తెప్పించే ఆ కారపు గాలిలో, నా కింద మోకాలు తప్పించుకోవాలని చూస్తూ ఉంటే, జిగురు పట్టేదాకా కూర్చున్న ఆ పొద్దుల్లో నాకు ఒకటే ధ్యాస. పట్టాక ఈయన లేస్తాడు. లేచి ఎటు వెళతాడు?

లేచి రంగులు తెచ్చేవాడు. ఎడ్ల కొమ్ములకు పూసే ఎరుపూ నీలమూ, లారీల నంబరు రాసే తెలుపూ, డబ్బాల అడుగున మిగిలినవి ఊరంతా తిరిగి అడిగి తెచ్చాడు. వేపపుల్ల కొన నమిలి కుంచె చేశాడు. గుర్రాలకు మన ఎడ్ల రంగులు వేశాడు. ఒకడికి గళ్ల లుంగీ వేశాడు, ఒకడికి మా పాస్టరుగారి తెల్ల చొక్కా, దుకాణం ముందు నిలబడ్డవాడికి మా ఊరి కరణంగారి మీసం. నాన్న సాయంత్రం బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఆట పుస్తకం చదివి మాకు తెలుగులో చెప్పేవాడు. ఇతను షెరీఫు, అక్కడి ఎస్సై లాంటివాడు. వీళ్లు దోపిడీగాళ్లు. బడిలో చిరిగిపోయిన, చుట్టిపెట్టే రోలప్ నల్లబోర్డు వెనక వైపు వీధి గీశాం, అగ్గిపెట్టెలతో ఇళ్లు కట్టాం. ఆట తుపాకుల ఆట. పాచిక పడితే ఎదుటివాడు పోతాడు. నాయనమ్మ దానికి ఒప్పుకోలేదు. "చావులు నా వసారాలో వద్దు. పడ్డోడు ఒక ఆట పడుకుని లేవాల," అంది. ఎవడూ చావని ఆటలో గెలుపు ఎలా తేల్చాలో నాన్నకు అంతుపట్టక, పుస్తకం పక్కన పెట్టేశాడు. అయినా ఆడేవాళ్లం. బాబాయి తన వంతు వచ్చేదాకా ఆగలేక నా వంతు కూడా ఆడేసేవాడు.

ఆడవాళ్లు వంత పాడే ఆ కల్లం ఒక రైతుది, మా దడి అవతలే. నాయనమ్మ వయసులో ఉన్నప్పుడు అందులో కూలికి పోయేది, నాన్న ఉద్యోగస్థుడయ్యాక మానిపించాడు. కానీ చేతులు ఊరుకోక రోజూ కాసేపు వెళ్లి, రంగు పోయిన తాలుకాయ ఏరేవాళ్ల మధ్య కూర్చుని వచ్చేది. ఆమెకు అక్కడ దగ్గరి మనిషి దీనమ్మ. దీనమ్మ మా పల్లెలోనే ఉండేది, మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు. కొంగు మూతికి చుట్టుకుని పనిచేసేది, వంతపాటలో ఆవిడ గొంతే పైకి వినిపించేది. ఆ ఏడు ఆ గొంతు చరణం మధ్యలో ఆగిపోతూ వచ్చింది. కల్లంలో అందరూ దగ్గుతారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నాయనమ్మ మాత్రం ఒక ఆదివారం గుడిలో, కల్లానికి సెలవైన రోజున, ఆవిడ దగ్గు విని తల తిప్పి చూసింది.

మట్టల ఆదివారం వచ్చింది. ఈతమట్టలు పట్టుకుని పిల్లలం ఊరు తిరిగాం, ఇంటింటా బెల్లం పానకం తాగాం. బాబాయి గుమ్మంలో నిలబడి మాకు మట్ట ఊపాడు. ఆయన మొహంలోకి నెత్తురు వచ్చిందని అమ్మ అంది. మా అమ్మ ఎక్కువ మాట్లాడదు, అందుకని ఆ మాట నమ్మాను. అదే వారం నుంచి ఒక వింత మొదలైంది. కొన్ని పొద్దుల్లో నేను గోనెసంచి పరిచి, పలక కడిగి సిద్ధంగా ఉంటే, బాబాయి చేతులు ఊపుకుంటూ వచ్చి, "ఇయ్యాళ పొట్లం లేదే బుజ్జీ," అనేవాడు.

"మాత్ర మింగలేదా?"

"ఏలు నొప్పిగా ఉంది. రేపు చేద్దాం."

మర్నాడు చేసేవాడు. ఆ మర్నాడు మళ్లీ లేదు. చేయని పొద్దుల్లో దడి దగ్గరికి పోయి నిలబడేవాడు. ఆయనకు ఆట మీద మోజు తీరిందనుకున్నాను. నాన్నకు చెబితే తిడతాడనీ, తిడితే ఆ కోపంతో వెళ్లిపోతాడనీ భయం. పొద్దున మెలకువ రాగానే ముందు గోడ వైపు చూసేదాన్ని, చాప నేల మీద ఉంటే లేచేదాన్ని. పాఠం తలకెక్కేది కాదు. బడి నుంచి పరుగున వచ్చేదాన్ని, రోడ్డు మీద లారీ హారను వినిపిస్తే ఇంకా పరుగు. ఈస్టరు పొద్దున, చీకటితోనే సమాధుల తోటలో అందరూ పాడుతుంటే, నేను వెనక్కి తిరిగి తిరిగి ఆయన ఉన్నాడా అని చూస్తూనే ఉన్నాను.

నెల ముగిసింది. నాన్న వచ్చే నెల మందులకు ఆసుపత్రికి బయల్దేరుతూ మాత్రల డబ్బా తీసి చూశాడు. ఖాళీగా ఉంది. మంచిదే అనుకుని, నాయనమ్మ పెట్టెలోంచి తన తెల్లచొక్కా తీయబోయి చీరల కింద చెయ్యి పెట్టాడు. పొట్లాలు చేతికి తగిలాయి. ఒకటీ అరా కాదు, దోసెడు.

ఆయన వాటిని వసారాలోకి తెచ్చి గోనెసంచి మీద పోశాడు. "మాత్రలు అయిపోయాయి. ఇవి మిగిలాయి," అన్నాడు. "మింగకుండా ఏం చేశావురా? పారబోశావా?"

బాబాయి పక్కకు దొర్లిన పొట్లాన్ని కుప్పలోకి తోశాడు.

"పారబోయలా," అంది నాయనమ్మ. "దీనమ్మకి ఇచ్చా."

నాన్న ఆమె వైపు తిరిగాడు.

"దానిదీ ఈడి దగ్గేరా. ఆసుపత్రికి పొమ్మన్నా. పోతే కూలి పోద్ది, జబ్బని తెలిస్తే ఇంకెవరూ కల్లంలోకి రానీరు, పిల్లలేం తింటారు అని ఏడిసింది. ఒక రోజు ఈడికి, ఒక రోజు దానికి."

"అమ్మా, అది అన్నం కాదమ్మా పంచుకోవడానికి!" నాన్న గొంతు అంత పెద్దగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. "రోజూ మింగితేనే మందు. సగం మింగితే ఇద్దరికీ విషం. నీ కొడుకే కదా వీడు!"

నాయనమ్మ లేచి నిలబడింది. మా ఇళ్లలో ఒక అలవాటు ఉంది. ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా ముంతలో వేస్తారు, అది ఆదివారం గుడికి పోతుంది, అక్కణ్నుంచి లేనివాళ్లకి. ఇంట్లో ఇద్దరికి సరిపడా లేని రోజున కూడా ఆ పిడికెడు తీయాల్సిందే. "నేను ఈ ఇంట్లో పిడికెడు తీయకుండా ఏ పూట వండానో చెప్పరా," అంది. "తీసిన పూట ఎవడన్నా ఆకలితో పోయాడా? మందయితే మాత్రం దేవుడిచ్చింది కాదా?"

ఆవిడ దగ్గర నేర్చుకున్న ఆ మాటనే నాన్న బడిలో మాకు నీతి పాఠంగా చెప్పేవాడు.

"అమ్మననకు అన్నయ్యా," అన్నాడు బాబాయి. "నాకు తగ్గింది కదాని నేనే సరే అన్నా. మింగని రోజు పొట్లం తీసుకోలా. మాటంటే మాటే."

దడి అవతల దీనమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. కొంగు మూతి మీది నుంచి తీయకుండానే, "మాస్టారూ, నాకు తెలవదండీ, ఆయనక్కూడా మిగులుతున్నాయనుకున్నా," అంది.

నాన్న పొట్లాలు ఏరి ఒక్కొక్కటిగా మళ్లీ పెట్టెలో సర్దాడు. తర్వాత బడికి సెలవు చీటీ రాసి, ఇద్దరినీ బస్సెక్కించాడు. దీనమ్మకి కూడా పేరు రాయించి మందులు ఇప్పించాడు. బాబాయికి సూదులు మళ్లీ మొదటికొచ్చాయి. డాక్టరుగారు ఏమన్నారో నాన్న ఈసారి మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పలేదు. దీనమ్మ ఇక కల్లానికి పోకుండా, మా ఇంటి పనీ పక్కవాళ్ల రెండిళ్ల పనీ అమ్మ మాట్లాడి పెట్టింది. పొద్దున్నే ఇద్దరూ వసారాలో రెండు చివర్ల కూర్చుని మింగేవాళ్లు. నాయనమ్మ మధ్యలో నిలబడి ఒకళ్ల నోట్లోకీ ఇంకొకళ్ల నోట్లోకీ చూసేది. మిగిలిన పొట్లాలు రోజుకొకటి విప్పాం. చివరి పొట్లంలో గుర్రం మీద వెనక్కి తిరిగి చూస్తున్న మనిషి వచ్చాడు. అతణ్ని బాబాయి ఒక్క కీర్తనలో, మోకాలు కదపకుండా, శుభ్రంగా అతికాడు.

ఆ తర్వాత ఆయన్ని కూర్చోబెట్టడానికి మా దగ్గర ఏమీ లేదు. ఆట ఉంది, ఆడాం. కానీ ఆయనకు కావలసింది ఆట కాదు, చేయడం. తొలకరి పడింది. నేల వాసన వచ్చింది. పత్తి విత్తనాల బస్తాలు ఊళ్లోకి వచ్చాయి. ఆయన ఒళ్లు తేరింది, భుజాలు నిండాయి, దగ్గు వినిపించడం మానేసింది. ఒక పొద్దున చాప గోడకు ఆనించి ఉంది. ఈసారి మాత్రల డబ్బా వెంట తీసుకుపోయాడు. అది చూసి నాన్న కొంచెం ధైర్యం తెచ్చుకున్నాడు. నాయనమ్మ వసారాలోకి వెళ్లి, దీనమ్మ ముందు నిలబడి, "నోరు తెరువు," అంది. ఆ పొద్దూ అంది, తర్వాత రోజూ అంది, కొడుకు ఎక్కడున్నాడో తెలియని నెలల్లో కూడా అంది.

పత్తి పగిలే రోజుల్లో ఎవరో బాబాయిని లారీలోంచి దింపి వెళ్లారు. డబ్బాలో మాత్రలు చాలా ఉన్నాయి. ఆసుపత్రిలో మందు మార్చారు, ఇంకా మార్చారు. కొత్త మిరపకాయ ఎరుపు తిరగకముందే పోయాడు. పిడికెడు తీసినందుకు పోయాడా, లారీ ఎక్కినందుకు పోయాడా, షెడ్డులో పీల్చిన రాతి దుమ్ముకి పోయాడా, ఎవరూ చెప్పలేదు. నాన్న డాక్టరుగారిని అడగలేదు. నాయనమ్మ ఎవర్నీ అడగలేదు. ఆవిడ ముంతలో బియ్యం వేయడం మానలేదు. కాకపోతే వేసేటప్పుడు ఇంతకుముందులా పైకి ప్రార్థన చెప్పుకునేది కాదు. దీనమ్మ బతికింది. చాలా ఏళ్ల తర్వాత నాయనమ్మకు ఆఖరిసారి స్నానం చేయించింది ఆవిడే. నాన్నకు బదిలీలయ్యాయి, ఇళ్లు మారాం. ఆ బొమ్మలు ఏ ఇంట్లో ఏ అటక మీద ఉండిపోయాయో తెలియదు.

మొన్న ఒక పెళ్లికి మార్టూరు వైపు వెళ్లి, వస్తూ వస్తూ ఊళ్లో దిగాను. కల్లాలు ఉన్న చోట కోల్డు స్టోరేజీ ఉంది, గోడలు ఎత్తు, లోపల ఏముందో కనపడదు. తుమ్మలు కొట్టేశారు. మిషను ఆసుపత్రికి గేటు ఉంది, తాళం ఉంది. మా రేకుల వసారా జాగాలో ఎవరిదో రెండంతస్తుల ఇల్లు. గుడి కొత్తది, పెద్దది. పొలం పనులకు ఆటోల్లో వస్తున్నారు, పాట వినపడలేదు. వెతకడానికి వెళ్లలేదు కాబట్టి, బాధపడ్డానని చెప్పను. తిరుగు బస్సు కోసం నడుస్తుంటే, పల్లెలో ఒక గుమ్మం ముందు ఆశా కార్యకర్త, గులాబీ రంగు చీరలో, నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా పాతికేళ్ల కుర్రాడు, భుజాన బ్యాగు, ఒక కాలు గుమ్మంలో ఒక కాలు వీధిలో.

"అక్కా, జేబులో పెట్టుకుని బస్సులో మింగుతానక్కా. బస్సొస్తంది."

"నిన్నా అదే అన్నావు. నా ఎదురుగా మింగు, నోరు తెరువు."

"పోద్దక్కా బస్సు! ఇది పోతే ఇయ్యాళ పని పోద్ది!"

మలుపులో హారను వినిపించింది. కుర్రాడు రెండో కాలు కూడా వీధిలో పెట్టాడు. నేను వెనక్కి తిరిగి చూడకుండా రోడ్డు మీదికి వెళ్లి, మధ్యలో నిలబడి, చెయ్యి ఎత్తాను. బస్సు నా ముందుకు వచ్చి కుదుపుతో ఆగింది. కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"ఏందమ్మా, రోడ్డు మధ్యలో నిలబడ్డారు! ఎక్కుతారా లేదా?"

"ఎక్కుతాను," అన్నాను. చెయ్యి దించలేదు. "ఒక అబ్బాయి రావాలి. మాత్ర మింగుతున్నాడు. మింగనివ్వండి."